తల్లిగుంట గుర్తులు

2024 జనవరి 22, సోమవారం. గ్వెల్ఫ్, కెనడా

గోపీకృష్ణని అట్లకాడతో కొట్టాను. కింది పెదవి చీలింది. సింకులో పడిన రక్తాన్ని మృదుల నీళ్లు పోసి కడిగింది.

నేను కోపిష్టివాణ్ణి కాను. ఏడుగురం ఉండే ఇంట్లో పొయ్యి ఒక్కటే. ముందు ఎవరు వండుకోవాలని రోజూ అరుపులు. పోయిన నెల నేనే మా దీవి పద్ధతి పెట్టాను. ఆదివారం చీటీలు వేసి వంతులు తీయడం, వారమంతా ఆ వంతుకి కట్టుబడి ఉండడం. సరస్సులో వలలు వేసే చోట్లకి మా దీవిలో తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి. ఎవరి వంతు రోజున వాళ్లే వల వేయాలి. దానివల్లే చేప మిగిలింది, మేమూ మిగిలాం. ఈరోజు పొయ్యి వంతు నాది. ప్లాంటులో పొద్దుటి నుంచి మాంసం పెట్టెలు మోసి వస్తే గోపీ గిన్నె పొయ్యి మీద ఉంది. "మ్యాగీనే కదరా, రెండు నిమిషాలు" అన్నాడు. రెండు నిమిషాలా రెండు గంటలా అని కాదు. వంతు వంతే.

మృదుల నిజామాబాద్ పిల్ల. రక్తం తుడిచిన గుడ్డ నా చేతిలో పెట్టి, "మ్యాగీ కోసం మనిషిని గిట్ల కొడతరా అన్నా?" అంది. మా దీవిలో అయితే ఇంతకంటే ఎక్కువే పడేవని చెప్పాను. గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

ఈరోజే స్టూడెంట్ పర్మిట్ల మీద పరిమితి పెడుతున్నట్టు మంత్రి ప్రకటించాడు. అందరం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం, పెదవి మీద ఐస్ పెట్టుకుని గోపీ కూడా. మన పర్మిట్లు మన దగ్గరున్నాయి, మనకేం కాదని ఒకరికొకరం చెప్పుకున్నాం. ఎవరూ నమ్మలేదు.

జనవరి 25

ప్రొఫెసర్ నా ప్రాజెక్టు డ్రాఫ్టు తిరిగిచ్చింది. ఉష్ణమండలపు చిన్న దీవుల్లో సహజ వనరుల్ని ఎలా కాపాడుకుంటారన్నది కోర్సు. క్లాసులో అలాంటి దీవిలో పుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆవిడ రెండు ప్రశ్నలు రాసింది. మ్యాప్ ఏది? కట్టు తప్పినవాళ్లని ఏం చేస్తారు?

రెండోదానికి జవాబు అప్పుడే రాసేశాను. సమాజం అంచెలంచెలుగా ఆంక్షలు విధిస్తుంది అని. ఇంగ్లీషులో ఆ వాక్యం ఎంత నున్నగా ఉందో.

ఇక్కడ నున్నగా రాయక్కర్లేదు. సరస్సు సముద్రంలో కలిసే మూతి దగ్గర తల్లిగుంట ఉంది. గుడ్లకొచ్చిన తల్లి రొయ్యలు సముద్రంలోకి పోయే ముందు అక్కడ చేరతాయి. అక్కడ ఎవరూ, ఎప్పుడూ వల వేయకూడదు. పైనుంచి చూస్తే అంతా ఒకటే నీరు, గుంట ఎక్కడుందో తెలియదు. కాపలాకి నాలుగు ఇళ్లున్నాయి. ఒక్కో ఇంటికి ఒక జత గుర్తులు. ఇటుకబట్టీ గొట్టం జంటతాళ్ల మధ్యకి, అంటే జంటగా నిలబడ్డ రెండు తాటిచెట్ల మధ్యకి, వచ్చేదాకా పడవ నడిపితే కింద గుంట ఉన్నట్టు. అవి మా ఇంటి గుర్తులు. ఏ ఇంటి గుర్తులు ఆ ఇంటి బిడ్డలకే చెప్పాలి, ఒకరివి ఇంకొకరికి తెలియకూడదు. ఎప్పుడైనా విషయం బయటికి పొక్కితే ఏ ఇంటి నుంచి పొక్కిందో తెలియడానికి పెద్దలు అలా పెట్టారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాయన అక్కడ వల వేశాడు. ఎందుకు వేశాడో ఇప్పటికీ తెలియదు. పడవలు కట్టే కొయ్యకి కట్టేసి, ఎండబెట్టిన టేకు చేప తోకతో ఇరవై ఒక్క దెబ్బలు కొట్టారు. ఆ తోకకి ముళ్లుంటాయి. పదో దెబ్బకి చొక్కా ఏదో చర్మం ఏదో తెలియలేదు. ఊరంతా గట్టిగా లెక్కపెట్టాలి, అది రివాజు. నేనూ లెక్కపెట్టాను. ఆ తర్వాత నాయన ఏడేళ్లు బతికాడు కానీ మళ్లీ పడవలో నిటారుగా నిలబడలేదు.

ఆ మర్నాడు రాఘవయ్య మామ నన్ను తన పడవలో తీసుకుపోయాడు. ఆయనదీ కాపలా ఇల్లే. నేను ఏడుపు ఆపడం లేదు. గుంట మీద పడవ ఆపి, లైట్‌హౌసు మీదికి చర్చి సిలువ ఎలా వచ్చి నిలబడిందో చూపించాడు. "ఇయ్యి మా ఇంటి గుర్తులబ్బయా. నీ దగ్గర పెట్టుకో. మీ నాయన తప్పు చేసినంత మాత్రాన నువ్వు కాపలావాడివి కాకుండా పోవు" అన్నాడు. నాకు ఏడుపు ఆగింది. ఆయన నా కోసం కట్టు తప్పాడని అప్పుడు తట్టలేదు.

జనవరి 30

మ్యాప్ అయింది. గుంట చుట్టూ ఎర్రగీత, పక్కన మా ఇంటి గుర్తులు ఇంగ్లీషులో. గ్వెల్ఫ్‌లో పడవ ఎవరికుంది? ప్రొఫెసర్ చూసి అద్భుతం అంది. ఇంతవరకూ ఏ టీచరూ నన్ను ఆ మాట అనలేదు.

ఫిబ్రవరి 3

గోపీ పెదవి మానింది. కొట్టినవాణ్ణే కారెక్కించుకుని మిస్సిసాగాలో వాళ్ల మామయ్య దగ్గరకి తీసుకుపోయాడు. వాడు నిజంగా మంచివాడు, అందుకే వాణ్ణి చూస్తే ఒళ్లు మండుతుంది.

జనార్ధనరావు గారు గడ్డకట్టిన రొయ్యలు దిగుమతి చేసుకుని దుకాణాలకి వేస్తారు. మన కోస్తాలో వాళ్ల తమ్ముడికి రొయ్యపిల్లల హ్యాచరీ ఉంది. గోడౌన్ లోపల ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టేంత చలి. ఆయన మాత్రం చొక్కా చేతులు మడిచి తిరుగుతున్నారు. నాది ఏ ఊరో, ఏం చదువుతున్నానో అన్నీ ఓపిగ్గా అడిగారు. సహజంగా పెరిగిన తల్లి రొయ్య ఇప్పుడు దొరకడం లేదట. చెరువు తల్లులు పెట్టే పిల్లకి సత్తువ లేదట. "మీ దీవి దగ్గర గుంట ఉందంటారు, నిజమేనా బాబూ?" అని అడిగారు.

నా ప్రాజెక్టు గురించి చెప్పాను. మ్యాప్ ఫోన్‌లో చూపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు. తర్వాత గోడౌన్‌లో సూపర్‌వైజర్ కావాలని, నా పేరు మీద ఎల్ఎంఐఏ, అదే విదేశీయుణ్ణి పనిలో పెట్టుకునే అనుమతి, పెట్టి జాబ్ ఆఫర్ లెటర్ ఇప్పిస్తానని, పీఆర్‌కి, ఇక్కడే శాశ్వతంగా ఉండిపోవడానికి, దారి పడుతుందని అన్నారు. రెండు విషయాలకీ సంబంధం లేదు. భోజనం పెట్టి పంపించారు. గోంగూర బాగుంది.

ఫిబ్రవరి 4

చూపించాను. అంతే.

ఫిబ్రవరి 11

లెటర్ రాలేదు. జనార్ధనరావు గారు ఫోన్ ఎత్తడం లేదు. పని నుంచి వస్తూ పక్కింటి పిల్లలు కట్టిన మంచుబొమ్మ తల తన్నేశాను. లోపల కర్ర ఉంది, కాలి వేలు వాచింది. ఆ పిల్లలు కిటికీలోంచి చూస్తున్నారు. నేను చెయ్యి ఊపాను.

ఫిబ్రవరి 17

అక్క ఫోన్ చేసింది. ఎల్లమ్మక్క ఎప్పుడూ ముందు తిన్నావా అని అడుగుతుంది. ఈరోజు అడగలేదు.

నిన్న పట్టపగలు పదకొండు ఇంజను పడవలు నేరుగా తల్లిగుంట మీదికి వచ్చాయట. వెతకలేదట, ఆగలేదట, ఇంటికొచ్చినట్టు వచ్చి వలలు దించాయట. మనవాళ్లు తెడ్లు, గెడకర్రలు, ఈటెలు పట్టుకుని పోయారు. నీళ్లలోనే కొట్టుకున్నారు. వాళ్లలో ఒకడి ముఖం తెడ్డు దెబ్బకి లోపలికి పోయి, పడవలోంచి జారి మునిగిపోయాడు. వాణ్ణి ఇంకా వెతుకుతున్నారు. ఇంకొకడి పొట్టలో ఈటె దిగితే, దాన్ని పీకకుండా అలాగే పడవేసుకుని పారిపోయారు. మా ఇంటికి ఇల్లరికం వచ్చి కాపలా అందుకున్న బావ పోలయ్య నెత్తి మీద లంగరు పడింది. తొమ్మిది కుట్లు. అక్క ఇదంతా పొద్దుటి వంట గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"గుంట ఖాళీ అబ్బయా. తల్లుల్ని డబ్బాల్లో నీళ్లలో పెట్టి ఎత్తకపొయ్యినారు. చితికిన గుడ్లే ఉండాయి పడవల్లో, కాలు జారతా ఉండాది" అంది.

వాళ్ల పడవ ఒకటి చిక్కిందట. అందులో ప్లాస్టిక్ వేసిన కాగితం ఉందట, బొమ్మ గీసి, ఇంగ్లీషు అక్షరాలతో.

ఫిబ్రవరి 18

గోపీని కొట్టాను. ఈసారి అట్లకాడతో కాదు, చేతులతోనే. వాడు బట్టలు మడతపెట్టుకుంటున్నాడు. జుట్టు పట్టుకుని తలని డ్రయ్యర్ తలుపుకేసి కొట్టాను, మూడుసార్లు. నా మ్యాప్ దొంగిలించి మీ మామయ్యకి పంపావు కదరా, మా బావ నెత్తి పగిలింది తెలుసా అని అరిచాను. వాడి ముక్కులోంచి రక్తం మడతపెట్టిన తువ్వాళ్ల మీద పడింది.

వాడు తిరిగి కొట్టలేదు. నేల మీద కూర్చుని, ముక్కు పట్టుకుని, "నువ్వే పంపావు కదరా. మొన్న మామయ్య కార్లో నాకు చూపించారు. నీ వాట్సాప్ చూసుకో" అన్నాడు.

అబద్ధం.

ఫోన్ చూశాను. మూడో తారీఖు సాయంత్రం ఆరూ పన్నెండు. ఫైలు పంపినట్టే ఉంది. కింద నేను రాసినట్టు ఒక మాట కూడా ఉంది. "లెటర్ విషయం కాస్త చూడండి అంకుల్." భోజనానికి ముందో తర్వాతో గుర్తు లేదు. గోడౌన్‌లో చలికి వేళ్లు వాటంతటవే నొక్కి ఉంటాయి.

ఫిబ్రవరి 22

మునిగినవాడు తేలాడు. చేపలు కళ్లు తినేశాయట.

ఊళ్లో రాఘవయ్య మామని అనుమానిస్తున్నారు. గట్టు నుంచి, అంటే సరస్సు అవతలి ఒడ్డు నుంచి, వచ్చే పక్షుల ఫోటోలవాళ్లని పడవలో తిప్పుతాడు కాబట్టి ఆయనే చెప్పి ఉంటాడని. నిన్న ఆయన పడవ తగలబెట్టారు. పడవ మీద పడుకుని లేవనంటే కాళ్లు పట్టుకుని ఈడ్చి మరీ తగలబెట్టారట. డెబ్బయ్యేళ్ల మనిషి.

రేపు పెద్దకాపుకి ఫోన్ చేసి చెప్తాను. ఊరి తీర్పరి ఆయనే, ఆయనదీ కాపలా ఇల్లే. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. దోషి ఊళ్లో లేకపోతే ఆ ఇంట్లో ఉన్న మగవాడికి పడతాయి. అంటే తొమ్మిది కుట్ల బావకి ఇరవై ఒక్క దెబ్బలు. చీటీల్లోంచి ఇంటి పేరు తీసేస్తారు. వంతు లేని ఇంటికి సరస్సు లేదు, సరస్సు లేని ఇంటికి ఆ దీవిలో అన్నం లేదు. అక్కకి ఇద్దరు ఆడపిల్లలు.

అయినా చెప్తాను.

ఫిబ్రవరి 23

రేపు.

ఫిబ్రవరి 24

ప్లాంటులో డబుల్ షిఫ్ట్. రేపు.

ఫిబ్రవరి 25

గోపీ ఇల్లు ఖాళీ చేసి పోయాడు. పోలీసులకి చెప్పలేదట, మృదుల అంది. నేనైతే చెప్పేవాణ్ణి.

మార్చి 2, శనివారం

వరసగా రాస్తాను.

పొద్దున ఏడున్నరకి వీడియో కాల్ వచ్చింది, అక్కడ సాయంత్రం ఆరు. అక్క నంబరు. ఎత్తితే పెద్దకాపు ముఖం. వెనక పడవలు కట్టే కొయ్య, దానికి రాఘవయ్య మామ. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. ఒక కన్ను అప్పటికే మూసుకుపోయింది. చుట్టూ ఊళ్లోవాళ్లు లేరు, నాలుగు కాపలా ఇళ్లవాళ్లే ఉన్నారు. నెత్తికి కట్టుతో బావ, పక్కన అక్క.

పెద్దకాపు మెల్లగా మాట్లాడాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. కాగితంలో గుర్తులు రాసి ఉన్నట్టున్నాయట. బడిపిల్లల చేత చదివిద్దామంటే గుర్తులు పరాయి చెవిన పడతాయి. కాపలా ఇళ్లలో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

"నువ్వు చదివి చెప్పబ్బయా. ఏ ఇంటి గుర్తులుంటే ఆ ఇల్లు. నువ్వు చెప్పిందే తీర్పు" అన్నాడు.

కాగితం ఫోన్ ముందు పెట్టారు. నా మ్యాప్. నేను ఎంచుకున్న ఎరుపు. ఇటుకబట్టీ గొట్టం, జంటతాళ్లు, నేను టైప్ చేసిన అక్షరాలు. ఒక చోట స్పెల్లింగ్ తప్పు కూడా ఉంది, ఇన్నాళ్లూ చూసుకోలేదు.

నిజం చెప్పాలనే నోరు తెరిచాను. ఇది రాస్తున్నప్పుడు కూడా ప్రమాణంగా చెప్తున్నాను, అందుకే తెరిచాను. అక్క చిన్నకూతురు ఎక్కడి నుంచో వచ్చి తల్లి ఒడిలో కూర్చుంది. ఇంకో ఇంటి గుర్తులు నాకు తెలియకపోయి ఉంటే నిజమే చెప్పేవాణ్ణి.

చదివాను. లైట్‌హౌసు మీదికి చర్చి సిలువ, అని చదివాను.

పెద్దకాపు తన ఇంటివి కావన్నాడు. రెండో ఇంటి ముసలాయన మావి కావన్నాడు. బావ కూడా మావి కావన్నాడు, గట్టిగా, ధీమాగా. అందరూ కొయ్య వైపు తిరిగారు.

రాఘవయ్య మామ ఫోన్ వైపు చూశాడు. మూసుకోని కన్నుతో. నన్నే చూశాడు.

"నాయే" అన్నాడు.

ఎవరికి చెప్పావని పెద్దకాపు అడిగాడు.

"ఒకరికి చెప్పినాను. చెప్పగూడదు. చెప్పింది నిజం" అన్నాడు.

పేరు అడిగారు. చెప్పలేదు. పేరు చెప్పేదాకా అని మొదలుపెట్టారు. తోక గాలిలో చేసే చప్పుడు ఇంత దూరం కూడా అలాగే వచ్చింది. నాలుగు ఇళ్లవాళ్లూ లెక్కపెడుతున్నారు. అక్క గొంతు కూడా విన్నాను. ఇరవై ఒకటికి ఆపలేదు. ముప్పై నాలుగు దగ్గర ఆయన మెడ వాలిపోయింది. నేను ఫోన్ కట్ చేయలేదు. కట్ చేస్తే అనుమానం వస్తుంది.

మార్చి 3

నేను చదివానంతే. ఒక్క దెబ్బ కూడా నేను కొట్టలేదు.

మార్చి 6

రాఘవయ్య మామ పోయాడు. వీపు చీము పట్టింది. గట్టు మీద ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఆయనకి పడవ లేదు. కట్టు తప్పిన మనిషికి ఇంకొకరు పడవ ఇవ్వకూడదు. ఆయన భార్య నడుములోతు నీళ్లలో దిగి వచ్చే పోయే పడవలన్నిటికీ దణ్ణం పెట్టిందట.

పేరు చెప్పకుండానే పోయాడు.

మార్చి 9

నిద్ర రావడం లేదు. ప్లాంటులో నిలబడి కునికితే పెట్టె జారి పక్కవాడి పాదం మీద పడింది. వాడు తిట్టాడు. తిట్టినందుకు వాడి గొంతు పట్టుకున్నాను. ఇద్దరు కలిసి నన్ను లాగాల్సి వచ్చింది. నన్ను ఇక రావద్దన్నారు.

మార్చి 12

అక్క ఫోన్. వీడియో కాదు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"పెద్దకాపు ఆ కాగితం కాల్చేయమని మీ బావకి ఇచ్చినాడు. నేను కాల్చలా. టౌనుకి ఎత్తకపోయి జెరాక్సు షాపులో ఆ పాపచేత చదివిచ్చినా. గొట్టం అని ఉండాదంట. జంటతాళ్లు అని ఉండాదంట. రెండుసార్లు చదివిచ్చినా."

ఆ పాప ఇంకెవరికైనా చెప్తుందా అని అడిగాను.

"ఇంటికొచ్చి కాల్చేసినా. మీ బావకి తెలీదు. ఎవురికీ తెలీదు, తెలీగూడదు. నా బిడ్డలు ఆ సరస్సు మీదే బతకాల. చచ్చినోడు ఎట్టాగూ రాడు. నువ్వు నోరు తెరవబాకు శేషూ. నువ్వు నాకు ఇంకేమీ చెయ్యొద్దు, ఇదొక్కటి చెయ్యి."

సరే అన్నాను. వేసవికి వస్తాను అక్కా, అన్నాను. ఎందుకన్నానో.

"రాబాకు" అంది. "నీకు చెయ్యాల్సింది నేను చెయ్యలేను. చెయ్యకుండా నీ మొఖం చూడలేను."

మార్చి 14

నిద్ర లేదు. కళ్లు మూస్తే లెక్క వినిపిస్తుంది. ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి. అందులో అక్క గొంతు ఒక్కటే విడిగా తెలుస్తుంది. నిజం చెప్పేస్తే ఇది ఆగుతుంది. మనిషన్నాక నిజాయితీ ఉండాలి. అక్క తన పిల్లల గురించే ఆలోచిస్తోంది, అది స్వార్థం. రాఘవయ్య మామ పేరు మీద మచ్చ ఉండిపోతే ఎలా? నా కోసం కాదు, ఆయన కోసం చెప్పాలి.

మార్చి 16, శనివారం

చెప్పేశాను.

పొద్దున పెద్దకాపుకి ఫోన్ చేశాను. కాగితంలో ఏముందో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గీసింది నేనని, పంపింది నేనని, మామ గుర్తులు నాకెలా తెలుసో కూడా చెప్పాను. ఇంత ధైర్యం నాలో ఉందని నాకే తెలియదు.

ఆయన వెనక నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. తర్వాత, ఎప్పటిలా మెల్లగా, "మంచిదబ్బయా. మీ బావని పిలిపిస్తా" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

మంచం మీద వాలాను. రెండు వారాల తర్వాత మొదటిసారి హాయిగా నిద్ర పట్టింది. తొమ్మిది గంటలు కదలకుండా పడుకున్నాను. ఒంట్లో బరువంతా దిగిపోయినట్టుంది. ఆకలి కూడా వేస్తోంది.

లేచేసరికి అక్క నంబరు నుంచి పదిహేడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఇప్పుడు మళ్లీ మోగుతోంది.